కొలంబోలో ఖాళీ ప్లేట్లు

ఆ పొద్దు శివప్ప వేసిన పథకం చాలా తేలికైనది. పొద్దున దీవి వాళ్ళ హోటల్లో టిఫిను, మధ్యాహ్నం చైనా వాళ్ళ హోటల్లో భోజనం, సాయంత్రం సముద్రం ఒడ్డున దొరల హోటల్లో విందు. ఈ మూడింటి మధ్య ఎక్కడో ఒకచోట చీరల మాట.

"ఇంట్లోనే ఇంత తిందాం కద శివన్నా. ఈ హోటళ్ళన్నీ ఎందుకు?" అన్నాడు శ్రీరంగప్ప.

"మా ఇంట్లో ఏముంటాదన్నా? సంగటి, ఊరిబిండి. దానికోసరం సముద్రం దాటి రావల్నా? ఈ కొలంబోలో అన్ని దేశాల వంటా దొరుకుతాది. రోంత రోంత రుచి చూడండి. ముందు తిండి, ఆనెంక బేరం."

ముందు తిండి, ఆ తర్వాత బేరం. ఆ మాట శ్రీరంగప్ప చెవిలో పడి అక్కడే కూర్చుంది.

శ్రీరంగప్పది ధర్మవరం. పట్టుచీరలు నేయించి అమ్మడం తాతలనాటి పని. రెండేళ్ళుగా ఆ సీమలో వానల్లేవు. వానకూ పట్టుకూ ఏం సంబంధమని అడిగేవాళ్ళు ధర్మవరం చూడనివాళ్ళు. వాన పడకపోతే శెనక్కాయ పండదు. శెనక్కాయ పండకపోతే పెండ్లిళ్ళు ఆగుతాయి. పెండ్లిళ్ళు ఆగితే పట్టుచీర అడిగే దిక్కుండదు. శ్రీరంగప్ప మగ్గాల గుంతల్లో మనుషులు కాళ్ళు ఊపుకుంటూ ఊరికే కూర్చున్నారు. అలాంటప్పుడు కొలంబో నుంచి శివప్ప కబురు పంపాడు. శివప్పదీ ఆ సీమే, బెళుగుప్ప. మీసాలు రాని వయసులో సిలోనుకు పోయి, గుడ్డల అంగడిలో చేరి, ఇప్పుడు సొంత అంగడి నడుపుతున్నాడు. చీరలు తెచ్చి చూపించు, నచ్చితే ఏడాది పొడుగునా నీ మగ్గాలకు పని ఇస్తాను, ఇంటామెను కూడా పిలుచుకొని రా, నాలుగు దినాలు దీవి చూసినట్టుంటుంది. ఇదీ కబురు.

రైలెక్కేటప్పుడు ముసలి నేతగాడు ఎర్రిస్వామి స్టేషనుకు వచ్చాడు. "అప్పా, నువ్వు ఉత్త చేతుల్తో వస్తే నేను ముదిగుబ్బకు పోయి గొర్రెలు కాసుకుంటా. ఈ వయసులో అవి నా మాట వింటాయో లేదో," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ శ్రీరంగప్పకు నవ్వు రాలేదు.

ఇక ఆ చెవిలో కూర్చున్న మాట సంగతి. శ్రీరంగప్ప నాయన కొత్త నేతగాణ్ణి పనిలో పెట్టుకునే ముందు ఏమీ అడిగేవాడు కాదు. ఇంటికి పిలిచి అన్నం పెట్టేవాడు. మనిషి తిని లేచిన తర్వాత విస్తరి చూసేవాడు. మెతుకు మిగిలిందంటే, "నీకు మా మగ్గం కుదరదులేప్పా," అని పంపేసేవాడు. మెతుకు పారేసేవాడు పట్టుపోగు కూడా పారేస్తాడని ఆయన లెక్క. శ్రీరంగప్ప కూడా ఆ లెక్క మీదనే మనుషుల్ని పెట్టుకున్నాడు. ఒక్కరూ తప్పు తేలలేదు. అందుకని శివప్ప 'ముందు తిండి' అనగానే ఆయనకు విషయమంతా అర్థమైపోయింది.

తమకు విడిదిచ్చిన మేడ గదిలోంచి శివప్ప దిగి పోగానే భార్యతో మెల్లగా చెప్పాడు. "ఓబీ, ఇది పరీక్ష. ఆయప్ప మన విస్తరి చూస్తాడు. ఈ పొద్దు ఎవరేం పెట్టినా ఒక్క మెతుకు మిగలగూడదు."

ఓబమ్మ ట్రంకుపెట్టెలోంచి మిరపపండు రంగు చీర తీసి కట్టుకుంటోంది. జానెడు జరీ అంచు. అది ఆమెది కాదు, చూపించడానికి తెచ్చింది. మడతల్లో ఉంటే చీర అందం తెలియదు, మనిషి మీద ఉంటేనే తెలుస్తుందని శ్రీరంగప్ప ఆలోచన.

"మన ఇంట్లో ఏనాడైనా మిగిలిందా?" అందామె. "మిగిలేంత తెచ్చినావా నువ్వెప్పుడైనా?"

"కొంగు జాగ్రత్త. అది అమ్మే చీర."

"తెలుసులే. దీంట్లో ఊపిరి కూడా సగమే పీలుస్తాండా."

టిఫిను హోటలు శివప్ప అంగడికి ఎదురుగానే ఉంది. శివప్ప వాళ్ళను ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, "నేను అంగడి తలుపులు తీయించి వస్తా. మీకు నచ్చింది తింటా ఉండండి," అని పోయాడు. సర్వరు ఏమీ అడగలేదు. ఒక పెద్ద ప్లేటు తెచ్చి మధ్యలో పెట్టాడు. దాని మీద తిండి గోపురంలాగా పేర్చి ఉంది. చేప కూరిన చుట్టలు, గుండ్రటి వేపుళ్ళు, చక్కెర చల్లిన బన్నులు, పైన ఏదో మీసాలున్న జీవిని అంటించి కాల్చిన వడలు.

ఆ దీవిలో పద్ధతి ఏమంటే, ప్లేటు నిండుగా తెచ్చి పెడతారు. వచ్చినవాడు తనకు కావలసింది ఒకటో రెండో తీసుకుంటాడు. మిగిలింది సర్వరు ఎత్తుకుపోయి ఇంకో బల్ల మీద పెడతాడు. తిన్నదానికే దుడ్లు. కొలంబోలో పుట్టిన పిల్లవాడికి కూడా తెలిసిన సంగతి ఇది. ధర్మవరంలో పుట్టినవాళ్ళకు ఎవరు చెప్పాలి?

"ఇంతా మనకేనా?" అంది ఓబమ్మ.

"మన ముందర పెట్టినాడంటే మనకే."

"మనిద్దరికా, మన వీధికా?"

"మాట్లాడకుండా తిను."

ఓబమ్మ ఒక చుట్ట విరిచి, వాసన చూసి, మొగుడి వైపు నెట్టింది. ఆమె నీచు ముట్టదు. శ్రీరంగప్ప మాంసం తింటాడు గానీ చేప ఎరగడు. ధర్మవరంలో మనుషులకే నీళ్ళు లేవు, ఇక చేపలకెక్కడివి? అయినా పని పంచుకున్నారు. నీచు ఆయనది, తీపి ఆమెది.

"దీనికి మీసాలుండాయి చూడు," అంది ఓబమ్మ వడను చూపిస్తూ.

"ఉండనీ. మీ నాయనకు లేవా?"

మీసాలతో సహా తిన్నాడు. ప్లేటు ఖాళీ అయింది. శ్రీరంగప్ప చేతులు తుడుచుకొని గెలిచినవాడిలాగా వెనక్కి ఆనుకున్నాడు. సర్వరు ఖాళీ ప్లేటు చూసి, కొంచెంసేపు ఆలోచించి, లోపలికి పోయి ఇంకో నిండు ప్లేటు తెచ్చి పెట్టాడు. బల్ల మీద ప్లేటు ఖాళీగా ఉండకుండా చూడడం అతని పని. నిండుగా ఉండకుండా చూడడం వీళ్ళ పని. ఎవరి పని వాళ్ళు శ్రద్ధగా చేసుకుపోయారు.

మూడో ప్లేటు సగంలో ఉండగా శివప్ప వచ్చాడు. ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్న ఖాళీ ప్లేట్లు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆయన చూస్తున్నాడని శ్రీరంగప్ప గమనించాడు. గమనించి, మిగతా సగం కూడా గబగబా తినేశాడు. ఓబమ్మ వేలికి అంటిన చక్కెర నాకింది.

శివప్ప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సీమలో కరువని పత్రికలో చదివాడు గానీ, కరువు మరీ ఇంత దూరం వచ్చిందని ఆయనకు తెలియదు. ఆకలి మీదున్న వాళ్ళకు ఈ ఊరి పద్ధతి చెప్పి సిగ్గుపరచడమెందుకని నోరు మూసుకున్నాడు. సర్వరును పిలిచి, "లోపల ఇంకేమన్నా ఉంటే తీసుకొని రాప్పా," అన్నాడు.

ఇంకా చాలానే ఉంది.

హోటలు దాటి నడుస్తుంటే శివప్ప మెల్లగా మాట కదిలించాడు. "ఊర్లో ఎట్లుండాదన్నా?"

అనంతపురం సీమలో ఈ ప్రశ్నకు బాగున్నామని ఎవరూ జవాబు చెప్పరు. గాదె నిండా కొర్రలున్నవాడు కూడా ఏదో గంజి తాగుతున్నామనే అంటాడు. బాగున్నామంటే దిష్టి తగులుతుంది, పైగా చేబదులు అడగడానికి మనుషులొస్తారు. విన్నవాడు కూడా ఆ మాటను నమ్మడు. అది రెండువైపులా తెలిసిన మర్యాద. శివప్పకు కూడా ఒకప్పుడు తెలుసు. ఇన్నేళ్ళ సముద్రపు గాలికి ఆ తెలివి తుప్పు పట్టింది.

"ఏముండాదన్నా? ఏదో ఇంత గంజి తాగుతాండాం," అన్నాడు శ్రీరంగప్ప.

"గంజేనా?"

"అదీ దొరికిన పూట."

"పిల్లోళ్ళు?"

"పిల్లోళ్ళకేం, బొరుగులు నమలుకుంటా తిరుగుతాంటారు."

శివప్ప నడక ఆపి ముక్కు చీదుకున్నాడు. "మగ్గాలు ఆడతాండాయా?"

ఇది బేరంలోకి దిగే మాటని శ్రీరంగప్ప అనుకున్నాడు. పని ఉందంటే పని ఇస్తాడా? "యాడన్నా. మనుషులందరూ ఊరికే పడుండారు."

"పడుండారా?"

"పడుండారు. నువ్వు చెయ్యి పెట్టి లేపితేనే లేస్తారు."

ముందు నడుస్తున్న ఓబమ్మ చీర వైపు చూశాడు శివప్ప. అది చూసి శ్రీరంగప్పకు ప్రాణం లేచి వచ్చింది. "అది అమ్మేదానికి తెచ్చిన చీరేనన్నా. కట్టుకోని చూపిస్తాంది," అన్నాడు. కట్టుకోవడానికి వేరే గుడ్డ లేక అమ్మే చీరే కట్టుకొచ్చిందనీ, మొగుడు పరువు కోసం మాట మారుస్తున్నాడనీ శివప్పకు అర్థమైంది. ఆయనకు ఆ పొద్దు ఏది చెప్పినా అర్థమైపోతోంది.

మధ్యాహ్నం చైనా వాళ్ళ హోటలు. ఎర్ర స్తంభాలు, గుండ్రటి బల్ల. శివప్ప వంటవాణ్ణి పిలిచి ఉన్నవన్నీ తెమ్మన్నాడు. గిన్నెల మీద గిన్నెలు వచ్చాయి. పది మంది పంచుకునే గిన్నెలని శ్రీరంగప్పకు ఎలా తెలుస్తుంది? ముందర చారు వచ్చింది. అన్నం వచ్చేదాకా ఆగి దాంట్లో కలుపుకున్నాడు. ఆ తర్వాత సన్నటి దారాల్లాంటిది ఒకటి వచ్చింది, సేమ్యాకు పెద్దన్న. తినడానికి రెండు పుల్లలిచ్చారు. శ్రీరంగప్ప ఒక్కో దారాన్ని పుల్లతో ఎత్తడం, అది జారి గిన్నెలో పడడం, ఆయన మళ్ళీ ఎత్తడం. ఇలా అయితే పరీక్ష సాయంత్రానికి కూడా తెగదు.

ఓబమ్మ చూసి చూసి, "ఇట్లియ్యి," అంది. పుట్టినప్పటి నుంచి మగ్గాలకు కండెలు చుట్టిన చెయ్యి అది. ఒక పుల్ల నిలబెట్టి, దారం కొస పట్టుకొని, బొటనవేలితో గిర్రున తిప్పింది. దారమంతా పుల్ల మీద నున్నగా కండెలాగా చుట్టుకుంది. మొగుడి చేతికిచ్చింది. ఆయన కొరికాడు. ఈలోగా ఇంకో కండె తయారు. పక్క బల్లల వాళ్ళు తినడం మానేసి చూశారు. హోటలు యజమాని, ముసలి చైనా ఆయన, తన చోటు నుంచి లేచి వచ్చి నిలబడ్డాడు. తన వంటను ఇంత గౌరవించిన గిరాకీ ఆయనకు అంతవరకు తగల్లేదు. సంతోషం పట్టలేక, తన ఇంటివాళ్ళ కోసం వండుకున్న గిన్నె కూడా తెచ్చి వీళ్ళ ముందర పెట్టి దండం పెట్టాడు.

"ఇది కూడానా?" అంది ఓబమ్మ గొంతు తగ్గించి.

"ఆయప్ప చూస్తాండాడు."

"ఏ ఆయప్ప?"

"ఇద్దరూ."

"నడుం కాడ చీర పిగిలేట్టుండాది."

"పిగలగూడదు. అమ్మే చీర."

శివప్ప వాళ్ళ ముందు కూర్చోలేక లేచిపోయి, బయట వరండాలో కాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత అక్కడి ఫోను దగ్గరికి పోయి ఒకరి తర్వాత ఒకరితో మాట్లాడాడు. ఏం మాట్లాడాడో వీళ్ళకు వినబడలేదు.

మేడ మీదికి తిరిగి వచ్చాక శ్రీరంగప్పకు కూర్చుంటే ఊపిరాడలేదు, పడుకుంటే అసలే ఆడలేదు. గోడకు ఆనుకొని నిలబడ్డాడు. అయినా ముఖంలో తృప్తి ఉంది.

"ఇంక రోంతే. రాత్రికి విందు గట్టెక్కితే బేరం మనదే."

"ఏమయ్యా, నిజంగా ఇది పరీక్షేనా?" అంది ఓబమ్మ. "ఆయన్న ముఖం బేరం చేసేవాని ముఖం మాదిరి లేదు. సావింటికి వచ్చినోని ముఖం మాదిరి ఉండాది."

"షావుకార్ల ముఖాలు నీకేం తెలుస్తాయి?"

"ఇరవై ఏండ్లుగా ఒకటి చూస్తాండా కద."

సాయంత్రం దొరల హోటలు. ముందర సముద్రం, లోపల పొడుగాటి బల్ల, తెల్లటి గుడ్డ. కొలంబోలో ఉన్న తెలుగు షావుకార్లు, వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు అప్పటికే వచ్చి కూర్చున్నారు. శివప్ప భార్య లక్ష్మక్క అందరికీ మర్యాదలు చేస్తోంది. వీళ్ళు లోపలికి రాగానే అందరూ మాటలు ఆపేశారు. ఆడవాళ్ళు ఓబమ్మ చీర అంచు చూశారు, తర్వాత ఓబమ్మ ముఖం చూసి అయ్యో అన్నట్టు తలలు ఊపారు. ఇంతమంది గిరాకీలను ఒక్కచోటికి పిలిపించాడంటే బేరం పెద్దదే అనుకున్నాడు శ్రీరంగప్ప.

శివప్ప ఆయన్ను వరండాలోకి తీసుకుపోయి భుజం మీద చెయ్యి వేశాడు. "శ్రీరంగన్నా, చీరల సంగతి మనసులో పెట్టుకోవద్దు."

"అదేందన్నా?"

"లేవలేని మనుషులతో మగ్గం యాడ తొక్కిస్తావు? ఈ ఊరికి వచ్చిన కంచి షావుకారు ఒకాయన ఉండాడు. ఆ పని ఆయనకు ఇస్తానని మద్యాన్నమే ఫోన్లో చెప్పేసినా. నీ మీద బరువు పెట్టను. ముందు మీరు బతకల్ల. చీరలు ఆనెంక."

పొద్దున్నుంచి సూది మోపే చోటు లేని శ్రీరంగప్ప కడుపు ఒక్కసారిగా ఖాళీ అయినట్టయింది. "ఎవరు లేవలేరన్నా?"

"దాచొద్దన్నా. నువ్వే కద చెప్పినావు, గంజి కూడా దొరికిన పూటేనని. చెప్పకపోయినా నా కండ్లతో చూస్తినే. ఆ హోటల్లో ప్లేటు పెడితే ఈ ఊరోళ్ళు ఒకటో రెండో తీసుకోని మిగతాది వదిలేస్తారు. నువ్వు మీసాలు కూడా వదల్లేదే."

"వదిలేస్తారా?" అన్నాడు శ్రీరంగప్ప.

"వదిలేస్తారు."

"తిననిదానికి దుడ్లు?"

"తీసుకోరు."

శ్రీరంగప్ప వరండా కమ్మీ పట్టుకున్నాడు. పరీక్ష లేదు. పరీక్ష లేని చోట తాను అన్ని ప్లేట్లూ ఖాళీ చేసి, ఆ ఖాళీ ప్లేట్లతోనే బేరాన్ని కంచికి పంపించాడు. ఎర్రిస్వామి ముఖం కళ్ళ ముందర కదిలింది. నోరు తెరిచేలోగా లోపల్నుంచి పిలుపు వచ్చింది. అందరూ ఎదురు చూస్తున్నారు.

కుర్చీలో కూర్చున్నాక ఆయనకు తోచింది ఒక్కటే. మాటలతో చెబితే శివప్ప నమ్మడు. తాము ఆకలితో లేమని ప్లేటుతోనే చెప్పాలి. ఓబమ్మ వైపు వంగాడు.

"మిగిలించు."

"ఏందీ?"

"ప్లేట్లో మిగిలించు."

"పొద్దున్నుంచి మెతుకు మిగలగూడదంటివి."

"ఇప్పుడు మిగలల్ల."

"నీకేమన్నా జొరమా?"

ఆలుగడ్డా మాంసమూ వచ్చాయి. శ్రీరంగప్ప సగం తిని చెయ్యి ఆపాడు. లోపల చోటు లేదు, అయినా చెయ్యి దానంతట అదే ప్లేటు వైపు పోతోంది. చేతిని తొడ కింద పెట్టుకొని కూర్చున్నాడు. సర్వరు ప్లేటు తీయబోయాడు. మొగుడి ప్లేట్లో ఆలుగడ్డ చెత్తలోకి పోతుందని ఓబమ్మకు అర్థమైంది. ప్లేటు అటు చివర పట్టుకొని తన వైపు లాక్కుంది. మాంసం పక్కకు నెట్టి ఆలుగడ్డ తినడం మొదలుపెట్టింది. మొగుడు తిన్న విస్తట్లో తినడం ఆమెకు పెండ్లయినప్పటి నుంచి అలవాటు.

బల్ల చుట్టూ ఒక నిట్టూర్పు లేచింది.

"చూస్తిరా," అంది ఒకామె కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "తన నోటికాడిది తీసి పెండ్లానికి పెడతాండాడు."

శ్రీరంగప్ప బల్ల కింద భార్య కాలు తొక్కాడు. ఆమె కూడా తినడం ఆపింది. ఇప్పుడు రెండు ప్లేట్లలోనూ తిండి మిగిలింది. ఆయన తల ఎత్తి అందరి వైపూ చూశాడు. చూడండి, మిగిలించాం, మేం కడుపు నిండినవాళ్ళం అన్నట్టు.

లక్ష్మక్క తల అడ్డంగా ఊపింది. "పస్తులతో పేగు ఎండిపోయినోళ్ళు ఒక్కసారిగా తినలేరు పాపం. మా అవ్వ చెప్తాండె."

శివప్ప లేచి నిలబడ్డాడు. తాను పుట్టిన సీమ ఎలా ఉందో చెప్పాడు. గంజి లేదన్నాడు, బొరుగులు నమిలే పిల్లలన్నాడు, లేవలేక పడి ఉన్న నేతగాళ్ళన్నాడు. వీటిలో ప్రతి మాటా శ్రీరంగప్ప నోటి నుంచి వచ్చిందే. అయినా ఆ ఊరేదో విని శ్రీరంగప్పకు కూడా జాలి వేసింది. శివప్ప ఒక తెల్ల ప్లేటు తీసుకొని అందులో తన ఉంగరం తీసి వేశాడు. ప్లేటు బల్ల చుట్టూ తిరిగింది. నోట్లు పడ్డాయి. ఒకామె చేతి గాజు తీసి వేసింది. అది చూసి పక్కామె రెండు వేసింది. ప్లేటు గోపురంలాగా నిండి, వచ్చి శ్రీరంగప్ప ముందర ఆగింది.

శ్రీరంగప్ప లేచాడు. ఏదో చెప్పబోయాడు. వెక్కిళ్ళు వచ్చాయి. కడుపు పట్టుకొని కూలబడ్డాడు.

"డాక్టర్ని రానీండి," అన్నారెవరో. బల్ల చివర కూర్చున్న డాక్టరు జయరాముడు లేచి వచ్చాడు. శ్రీరంగప్పను వాలుకుర్చీలో పడుకోబెట్టి, కడుపు మీద వేళ్ళతో తట్టి, చెవి పెట్టి విన్నాడు. మళ్ళీ తట్టాడు.

"పస్తులని ఎవరు చెప్పినారు?" అన్నాడు. "ఈ కడుపులో గాలి తిరిగేదానికి కూడా చోటు లేదు. ఏమప్పా, పొద్దున్నుంచి ఏమేం తిన్నావు?"

శ్రీరంగప్పకు వెక్కిళ్ళ మధ్య మాట రాలేదు. ఓబమ్మ చెప్పింది. చుట్టలు, వేపుళ్ళు, మీసాల వడలు. మల్ల చుట్టలు, వేపుళ్ళు. మల్ల ఇంకొకసారి. చారు, అన్నం, దారాలు, బాతంట, ఏదో ఆకు, చైనా ఆయన ఇంటివాళ్ళ కూడు. ఇప్పుడు ఈ మాంసం. ఆమె ఏదీ వదల్లేదు. చెప్పడం ముగిసేసరికి బల్ల దగ్గర తలలన్నీ శివప్ప వైపు తిరిగాయి.

"శివప్పా," అన్నాడు ఒక షావుకారు, "ఏందిది? మమ్మల్నందర్నీ పిలిచి నవ్వులాటా?"

శివప్ప ముఖం పాలిపోయింది. "అన్నా, నువ్వే కద గంజి అంటివి."

"అంటాం," అన్నాడు శ్రీరంగప్ప. "మన పక్క ఎవరు అనరు? మీ బెళుగుప్పలో మీ నాయన అనలేదా?"

శివప్ప నాయన బతికినన్నాళ్ళూ అదే అన్నాడు. ఎద్దుల జత కొన్న పొద్దు కూడా అన్నాడు.

"మరి అన్ని ప్లేట్లు ఎందుకు తింటివి?"

"నువ్వు మా విస్తరి చూసి పనిస్తావనుకుంటి. మా ఇంట్లో అంతే. మెతుకు పారేసినోనికి మేం మగ్గం ఇయ్యం." శ్రీరంగప్ప మెల్లగా లేచి నిలబడ్డాడు. ఆయన అంతమందిలో ఎన్నడూ మాట్లాడినవాడు కాదు. "మా ఊర్లో వానల్లేవు, అది నిజం. కాని మావోళ్ళు లేవలేనోళ్ళు కాదు. పని లేక కూచోనుండారు. నేను వచ్చింది పని కోసరం. పొద్దున్నుంచి మీరు పెట్టిన ప్లేట్లన్నీ ఖాళీ చేసినా. ఇది మాత్రం నా చేత కాదు."

నోట్లూ గాజులూ ఉన్న ప్లేటును రెండు చేతులతో బల్ల మధ్యకు నెట్టాడు.

ఎవరూ దాన్ని ముట్టలేదు. ఇవ్వడానికి ఆగని చేతులు తీసుకోవడానికి ముందుకు రాలేదు. "వేసిన ధర్మం వెనక్కి తీసుకుంటారా ఎవరైనా? ఇంటికి మంచిది కాదు," అంది లక్ష్మక్క. శ్రీరంగప్ప తీసుకోడు, వాళ్ళు తీసుకోరు. ప్లేటు అలాగే ఉండిపోయింది. తినడం అయిపోయిందనుకొని సర్వరు వచ్చి దాన్ని ఎత్తబోయాడు. నలుగురు ఒక్కసారిగా అతని చెయ్యి పట్టుకున్నారు.

అప్పుడు ఓబమ్మ లేచింది.

"అక్కా," అంది మొదట గాజు వేసినామెతో, "నేను వచ్చినప్పటి నుంచి నువ్వు నా కొంగే చూస్తాండావు."

ఆమె సిగ్గుపడింది. "అంచు బాగుండాది. అడిగితే బాగుండదని అడగలేదు."

"అడుగు. మేం వచ్చిందే దానికి." ఓబమ్మ కొంగు రెండు చేతులా పట్టుకొని దీపం వెలుతురులో విప్పింది. జరీ మెరిసింది. "ఆ ప్లేట్లోది ధర్మం అనుకోవద్దు. బయానా అనుకోండి. ఎవరు వేసింది వాళ్ళ చీరకు జమ. మిగతాది చీర చేతికొచ్చినాక ఇయ్యండి. అట్లయితే మీరు వెనక్కి తీసుకోనట్లూ అవుతాది, మేం అడుక్కోనట్లూ అవుతాది."

ఆ మాటకు ఒకేసారి అందరూ మాట్లాడారు. ఒకామెకు ఇదే రంగు కావాలి. ఇంకొకామెకు ఇదే అంచు, కాని నెమలికంఠం రంగు మీద. గాజు ఒకటే వేసినామె రెండోది కూడా తీసి వేసింది, కూతురికి కూడా ఒకటని. విందు మరిచిపోయి ఓబమ్మ చుట్టూ మూగారు. మేడ మీది ట్రంకుపెట్టె కోసం మనిషిని పంపారు. శివప్ప ఏడాది పొడుగునా ఇస్తానన్న పని ఎంతో, అంత పని ఆ బల్ల దగ్గరే కుదిరిపోయింది, ఇంకా లక్ష్మక్క తనకేం కావాలో తేల్చుకోనేలేదు.

"చెల్లెమ్మా," అన్నాడు శివప్ప నీరసంగా, "వీళ్ళంతా మా అంగడి గిరాకీలు. కంచి ఆయప్పకు నేను మాటిచ్చేస్తినే. ఆ చీరలు ఎవరికి అమ్మల్ల?"

"మా చీరలూ నీ అంగడికే వస్తాయిలే అన్నా, నీ లాభం నువ్వు తీసుకో. కంచి ఆయప్ప సంగతి మాత్రం నువ్వే చూసుకో. ఫోను నీ కాడే ఉండాది కద."

డాక్టరు మాత్రం ఈ గోలలో చేరలేదు. శ్రీరంగప్ప పక్కనే కూర్చొని, ఆయన వెక్కిళ్ళు ఆగేదాకా చూసి, వైద్యం చెప్పాడు. పడవ ఎక్కేదాకా వేణ్ణీళ్ళు తప్ప ఇంకేదీ నోట్లోకి పోకూడదు. మిగిలిన దినాలన్నీ శివప్ప ఓబమ్మను వెంటబెట్టుకొని మలాయి వాళ్ళ హోటలు, గుజరాతీల హోటలు, ఐస్‌క్రీము అంగళ్ళు చూపించుకొచ్చాడు. ఆమె పద్ధతి నేర్చుకొని ఒకటి తీసుకొని మిగతాది వదిలేసింది. శ్రీరంగప్ప మేడ మీద కిటికీ దగ్గర కూర్చొని వేణ్ణీళ్ళు తాగాడు.

ధర్మవరంలో మగ్గాలు మళ్ళీ ఆడాయి. ఆ ఏడాది కరువులో వాటిని నమ్ముకున్న వాళ్ళలో నిజంగా పస్తులున్నది ఒక్కడే, అదీ కొలంబోలో.